తొంభై నాలుగు పాయింట్ల నిబ్బరం

ఆదిమానవుడి కాలం నుంచి మనిషిని పట్టి పీడిస్తున్న మానసిక ఒత్తిడి, నెల్లూరులోని పడవల ధ్రువీకరణ కార్యాలయ పరిధిలో మాత్రం, జూలై ఒకటో తేదీ ఉదయం పదిన్నర గంటల నుంచి రద్దయింది. రద్దు ఉత్తర్వును మూడు ప్రతుల్లో వెలువరించారు. ఒకటి నోటీసు బోర్డుకు, ఒకటి దస్త్రానికి, ఒకటి ఒత్తిడి ఉన్నవారు ఇంకా ఎవరైనా మిగిలివుంటే వారికి. (మూడో ప్రతి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఉత్తర్వు నూటికి నూరుపాళ్లు ఫలించిందని ఆ మధ్యాహ్నమే పైకి నివేదిక వెళ్లిపోయింది.)

ఆ ఉత్తర్వును రాసిన చెయ్యి గిద్యోనుది. సీనియర్ అసిస్టెంటు, నలభై ఏడేళ్లు, నాలుగో టేబులు. ‘పరిగణించబడును’ అనే మాటను అతను వాడినంత ధారాళంగా వాడగలిగినవాడు జిల్లాలో మరొకడు లేడు. చర్చిలో పదిహేనేళ్లుగా ఆదివారం ప్రకటనలు చదివేది అతనే. వనభోజనాలకు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోవాలన్న సంగతిని కూడా అతను చదివితే శాసనంలా వినిపించేది. అందుకే పైనుంచి ‘ఉద్యోగుల శ్రేయస్సు’ కార్యక్రమం దిగిరాగానే డిప్యూటీ డైరెక్టరు విజయకుమారి అతన్ని పిలిచి, “గిద్యోను గారూ, నిబంధనలు మీరే రాయండి. మీ భాషలో బరువుంటుంది” అన్నారు. గిద్యోను పొంగిపోయి నలభై రెండు నిబంధనలు రాశాడు. పన్నెండు చాలని ఆమె అన్నారు గానీ, అప్పటికే నలభై రెండూ వచ్చేశాయి.

పథకం పేరు ‘నిబ్బరం’. ప్రతి ఉద్యోగి చేతికీ ఒక నల్లపట్టీ ఇచ్చారు. సిమ్ము దానిలోనే ఉంటుంది. మనిషి ఎన్ని అడుగులు వేశాడో, ఎంతసేపు పడుకున్నాడో, గుండె ఎప్పుడెలా కొట్టుకుందో, ఆ సమయానికి ఎక్కడున్నాడో అన్నీ అదే యాప్‌కు చేరవేస్తుంది. దీనికి తోడు రోజుకొక నవ్వు సెల్ఫీ. నడక, నిద్ర, నవ్వు కలిపి వంద పాయింట్లు. నిబంధనలు రాసినవాడు కాబట్టి గిద్యోనే ‘నిబ్బరం నోడల్ అధికారి’ అయ్యాడు. ఉన్న పని ఉండనే ఉంది.

ఇక అతని దినచర్య ఈ విధంగా పరిగణించబడింది. ఉదయం పదిన్నరకు నవ్వు సెల్ఫీ. ‘నవ్వు గుర్తించబడలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని యాప్ వరసగా పదిసార్లు తిప్పికొట్టేది. పదకొండోసారి ఆమోదించేది. (ఆ సమయంలో అతను సాధారణంగా తుమ్మబోతూ ఉండేవాడు.) పదకొండు నుంచి ముప్పావుగంట ధ్యానం. అటెండరు వెంకయ్య తలుపులు మూసి, ‘లోపల ప్రశాంతత జరుగుచున్నది, గోల చేయరాదు’ అన్న బోర్డు తగిలించేవాడు. బోర్డుకు అవతల, ఎండలో, పడవలవాళ్లు గోల చేయకుండా నిలబడేవారు. తర్వాత నీళ్ల రిజిస్టరు. ఎవరెన్ని గ్లాసులు తాగారో వాళ్లు సంతకం పెడితే, చూశానని గిద్యోను సంతకం పెట్టాలి. భోజనం తర్వాత ఒత్తిడి సమాచార పత్రం, పద్దెనిమిది గళ్లు. ఒత్తిడి లేనివారు లేదని పద్దెనిమిది గళ్లలోనూ రాసి, ఎందుకు లేదో కారణాలు జతపరచాలి. ఇవన్నీ అయ్యాక పడవలకు మిగిలేది సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ నలభై వరకు. ఆ అరగంటలో గిద్యోను పడే హడావిడిని కొలిచే గడి మాత్రం ఆ పత్రంలో లేదు. అతనే పెట్టడం మర్చిపోయాడు.

మొదటి నెల ఫలితాలు వచ్చాయి. నోడల్ అధికారికి ముప్ఫై ఒక్క పాయింట్లు. జిల్లాలో ఆఖరు.

అతను ప్రయత్నించకపోలేదు. ఒక తెల్లవారుజామున కొత్త బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. రెండు వేల నూటనలభై అడుగులు నడిచాడు. అక్కడ కారం దోసె వేసే బండి ఉంది. వచ్చేటప్పుడు ఆటోలో వచ్చాడు. ఇంట్లో భార్య ఫేబీ, ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, బీపీ మిషను పట్టుకుని గుమ్మంలోనే ఉంది. నూటయాభై బై వంద.

“ఏందండీ ఇది? ఒత్తిడి లేదని రాసి రాసి బీపీ తెచ్చుకుంటా ఉండారా?”

ఆ రోజు నుంచి చేపల పులుసులో ఉప్పు కూడా రద్దయింది.

ఇలాంటి గడ్డురోజుల్లో, ఆగస్టు మొదట్లో ఒక గురువారం, మైపాడు నుంచి చిన్నపోలయ్య మళ్లీ వచ్చాడు. చనిపోయిన తండ్రి పేరు మీదున్న పడవను తన పేరుకు మార్పించుకోవడం అతని పని. ఆ కాగితం లేకపోతే సముద్రంలో తనిఖీవాళ్లు ఆపి పడవను తెచ్చి ఒడ్డున కట్టేస్తారు. అందుకే అప్పటిదాకా ఊళ్లోవాళ్ల పడవలో కూలికి పోతున్నాడు. జూన్ నుంచి సోమవారం, గురువారం, అంటే ప్రజలను లోపలికి రానిచ్చే రెండు రోజులూ, చెప్పులరిగేలా తిరుగుతున్నాడు.

“సాక్షుల సంతకాలేవి పోలయ్యా?” అన్నాడు గిద్యోను, తల ఎత్తకుండా.

“పెట్టించినా సార్. మీరు చెప్పినట్టే రెండు తూర్లు పెట్టించినా.”

“మూడో గడి ఖాళీగా ఉందే?”

“పోయిన తూరి అది రాయొద్దన్నారు సార్.”

గిద్యోను తల ఎత్తాడు. ఎత్తాక చూపు మొహం మీద ఆగలేదు, కిందికి జారి పిక్కల మీద ఆగింది. అవి పిక్కలు కావు, తాటిదూలాలు. నోడల్ అధికారి గుండె ఒక్కసారి ఆశగా కొట్టుకుంది.

“రోజూ ఎంత నడుస్తావు నువ్వు?”

“నడకా? ఎవురు లెక్కేసినారు సార్? తెల్లారేతలికి అలివి వల లాగాల. తాడు పట్టుకోని ఇసకలో వెనక్కి నడస్తా పోవాల, మళ్లా ముందుకొచ్చి పట్టుకోవాల. అది అయినాక ఈడికి వస్తా ఉండా.”

గిద్యోను అటూ ఇటూ చూసి తన చేతి పట్టీ విప్పి అతని చేతికి కట్టాడు. అడుగులను లంచంగా తీసుకోరాదని ఏ చట్టంలోనూ లేదని ముందే మనసులో నిర్ధారించుకున్నాడు.

“ఇది కొన్నాళ్లు నీ దగ్గరుండనీ. నీ కాగితం సంగతి నేను చూస్తా.”

“దీన్తో నేనేం చెయ్యాల సార్?”

“ఏం చెయ్యొద్దు. మామూలుగా బతుకు, చాలు.”

“ఉప్పునీళ్లకి చెడిపోదు గదా?”

“యాభై మీటర్ల లోతు దాకా గ్యారంటీ.”

“అంత లోతుకు పోతే నాకు గ్యారంటీ లేదు సార్” అన్నాడు చిన్నపోలయ్య, పట్టీని మోచేతి వైపుకు జరుపుకుంటూ.

వారం తిరిగేసరికి గిద్యోను రోజుకు ఇరవై ఆరు వేల అడుగులు వేస్తున్నాడు, కుర్చీలోంచి లేవకుండా. ఇరవై వేలు దాటినవారికి నవ్వు ఐచ్ఛికం (నిబంధన తొమ్మిది), కాబట్టి తుమ్ముల కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా తీరింది. నిద్ర ఎనిమిదింటికే, అదీ రాయిలా. ఆగస్టు ఆఖరుకు తొంభై నాలుగు పాయింట్లు. జిల్లాలో ప్రథమ స్థానం. సెప్టెంబరులోనూ అంతే.

శాలువా కప్పారు. పక్క జిల్లా వాళ్లు కూడా వచ్చి చప్పట్లు కొట్టారు. ‘నా నిబ్బర రహస్యం’ అనే అంశం మీద మాట్లాడమంటే గిద్యోను నలభై నిమిషాలు మాట్లాడాడు. తెల్లవారుజాము సముద్రపు గాలి గురించి, పాదాల కింద తడి ఇసుక గురించి చెబుతూ చెబుతూ కొంతసేపటికి తానే నమ్మేశాడు. ముందు వరుసలో ఒకావిడ నోట్సు రాసుకుంది.

శాలువాతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. రెండో టేబులు ఉష డెప్యుటేషన్ మీద వెళ్లింది, మూడో టేబులు పెంచల్ బదిలీ అయ్యాడు. నిబంధన పందొమ్మిది ప్రకారం, ‘నిబ్బరము తొంభై దాటిన ఉద్యోగికి అదనపు బాధ్యతలు విశ్రాంతిగా పరిగణించబడును.’ జూలైలో ఈ వాక్యం రాసినప్పుడు గిద్యోను దాన్ని ఇంటికి తెచ్చి ఫేబీకి చదివి వినిపించాడు. అప్పుడు దాని లయ అతనికి బాగా నచ్చింది. ఇప్పుడు ఆ లయలోనే రెండు టేబుళ్ల ఫైళ్లు వచ్చి నాలుగో టేబులు మీద కూర్చున్నాయి. చిన్నపోలయ్య ఫైలు వాటి అడుగున పడింది.

నిజానికి అడుగున పడిందన్నది గిద్యోను తనకు తాను చెప్పుకున్న మాట. ఆ ఫైలును అతను మూడుసార్లు పైకి తీశాడు. కలం మూత కూడా తీశాడు. కాగితం చేతికి రాగానే ఈ మనిషి పట్టీ తిరిగిచ్చేసి మైపాడులో ఉండిపోతాడేమో అన్న ఆలోచన మూడుసార్లూ వచ్చింది. మూడుసార్లూ మూత పెట్టేసి, “గురువారం రా పోలయ్యా” అన్నాడు. (ఈ సంగతిని ఒత్తిడి సమాచార పత్రంలో ఏ గడిలో రాయాలో నోడల్ అధికారికి తెలియలేదు.)

నవంబరులో వాయుగుండం పట్టి, వాన వదలకుండా కురుస్తున్న ఒక రోజు, ఫైలులో అక్షరాలు గిద్యోను కళ్ల ముందు ఈదడం మొదలుపెట్టాయి. కుడిచెయ్యి తిమ్మిరెక్కి కలం జారిపోయింది. వెంకయ్య ఆటోలో ఫేబీ పనిచేసే ఆసుపత్రికి చేర్చాడు. ఫేబీయే బీపీ చూసింది. నూటతొంభై బై నూటఇరవై. మరొకసారి చూసింది. మిషను పాడైందేమోనని ఇంకొకటి తెచ్చి చూసింది. తర్వాత అతని కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

డాక్టరు చెప్పింది తక్కువే. “పది రోజులు మంచం దిగొద్దు. దిగితే, ఈసారి పక్షవాతమే.”

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ‘అభినందనలు గిద్యోను గారూ! ఈ వారం మీ గుండె వయసు: ముప్ఫై ఒకటి.’

పది రోజుల వైద్య సెలవుకు యాప్‌లోనే దరఖాస్తు పెట్టాడు. మూడు సెకన్లలో జవాబొచ్చింది. తిరస్కరించబడినది. నిబంధన పద్నాలుగు: ‘గడచిన తొంభై రోజుల సగటు ఎనభై దాటినవారు తాము అనారోగ్యముగా ఉన్నామని తలచుట పొరపాటుగా పరిగణించబడును.’ డాక్టరు ధ్రువపత్రం జతచేశాడు. ‘మీ వైద్యులు ఒత్తిడిలో ఉన్నట్లున్నారు, వారికి నిబ్బరం పథకమును పరిచయం చేయండి’ అని వచ్చింది. ఈ రెండో వాక్యం కూడా గిద్యోనుదే. అప్పట్లో చమత్కారంగా ఉందని చేర్చాడు.

“సెలవు పెట్టకుండా పడుకుంటే?” అంది ఫేబీ.

“నిబంధన ఇరవై రెండు. ఉద్యోగం పోద్ది.”

“అది రాసింది ఎవురు?”

గిద్యోను గోడవైపు చూశాడు. ఫేబీకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. “పొయ్యి నిజం చెప్పండి. శాలువా పోతే పోనీ. మీరు పడిపోతే ఆ తొంభై నాలుగుని నేనేం చేసుకోవాల? నాకు మీరు కావాలండీ.” భార్య ముందు అంత చిన్నవాడైపోవడం అతనికి పెళ్లయిన ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఫేబీ వద్దంటున్నా మంచం దిగి, దొంగకు తేలు కుట్టినట్టు మొహం పెట్టుకుని విజయకుమారి గదిలోకి వెళ్లాడు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఆమె కోప్పడలేదు. (నిబంధన ఆరు ప్రకారం వారానికి రెండు కోపాలే. ఆ వారానివి ఉదయమే అయిపోయాయి.) సాక్షి కావాలన్నారు. సోమవారం కాబట్టి సాక్షి బయట బెంచీ మీదే ఉన్నాడు. వెంకయ్య పిలుచుకొచ్చాడు. చిన్నపోలయ్య పట్టీ కట్టుకున్న చెయ్యి ముందుకు చాచి నిలబడ్డాడు, దాన్ని పోగొట్టానేమోనని పిలిచారన్నట్టు.

విజయకుమారి కంప్యూటరులో మూడు నెలల లెక్క తెరిచారు. “అడుగుల్లో మూడోవంతే మైపాడు ఒడ్డున ఉన్నాయి. మిగతావన్నీ నెల్లూరులో, మనం లోపలికి రానివ్వని రోజుల్లో కూడా. బస్టాండు నుంచి మన ఆఫీసు, ఆఫీసు నుంచి జిరాక్సు కొట్టు, కొట్టు నుంచి నోటరీ, మళ్లీ ఆఫీసు.”

“సెప్టెంబరులో మూడు తూర్లు సంతకాలు మార్చమన్నారు మేడం” అన్నాడు చిన్నపోలయ్య, క్షమించమన్నట్టు.

అంటే గిద్యోనును జిల్లాలో ప్రథముడిగా నిలబెట్టింది అలివి వల కాదు, గిద్యోనే. కూర్చున్న చోటు నుంచి ఒక మనిషిని అంత దూరం నడిపించిన ఉద్యోగి ఇంకొకడు లేడు.

ఆమె గుండె లెక్క తెరిచారు. తెల్లవారుజామున సముద్రం మీద: ప్రశాంతం. వల లాగేటప్పుడు: ఆరోగ్యకరమైన శ్రమ. వాయుగుండం నాడు అలలకు ఎదురుగా పడవను ఒడ్డుకు చేర్చినప్పుడు: స్వల్ప కలవరం. ఆ తర్వాత ఒక ఎర్రగీత, శ్రీహరికోటలో రాకెట్టు లేచినట్టు నిటారుగా పైకి లేచింది. ప్రతి సోమవారం, ప్రతి గురువారం, సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ నలభై వరకు. ఆమె మ్యాపును పెద్దది చేశారు. వీధి వచ్చింది, ఈ భవనం వచ్చింది, కింది అంతస్తు వచ్చింది. కిటికీ పక్కన ఒక టేబులు దగ్గర ఎర్రచుక్క ఆగింది.

“ఇది ఎవరి టేబులు?”

“నాదే మేడం. నాలుగోది.”

ఆమె చిన్నపోలయ్య వైపు తిరిగారు. “సముద్రం కంటే ఇక్కడ ఎక్కువ భయమా నీకు?”

అతను తల ఊపాడు. “గాలి మారేముందు సముద్రం చెప్తాది మేడం. కొడితే ఎందుకు కొట్టిందో గూడా తెలస్తాది. ఈడ తెలీదు. మా నాయన పోయినరోజు గూడా నాకింత దడ పుట్టలా.”

గిద్యోను తల వంచుకున్నాడు. బీపీ సంగతి, సెలవు సంగతి అతనికి ఆ క్షణాన గుర్తులేవు. ఒక మనిషి గుండెను వారానికి రెండుసార్లు పిండి, ఆ పిండిన దానికి తాను శాలువా కప్పించుకున్నాడు. “మేడం, ఆ ఫైలు ఇప్పుడే తెచ్చి సంతకం పెట్టేస్తాను” అన్నాడు.

“వీల్లేదు గిద్యోను గారూ. అది ఇప్పుడు విచారణలో సాక్ష్యం. మీరు ముట్టుకోకూడదు” అన్నారామె. నిబంధన ముప్ఫై ఎనిమిది. ఆమె నంబరు చెప్పకముందే అతనికి తెలుసు.

ఇక సెలవు విషయం. ఆమె నిబంధనలన్నీ తిరగేసి ముప్ఫై ఒకటో దాని దగ్గర ఆగారు. కార్యాలయ ఆవరణలో ఎవరి చేతి పట్టీ మీద ఒత్తిడి నమోదైనదో, వారికి పది రోజుల విశ్రాంతి తక్షణమే మంజూరు. విశ్రాంతి కాలంలో వారు కార్యాలయం గడప తొక్కరాదు. “కేసు చాలా స్పష్టంగా ఉంది” అన్నారామె. పది రోజుల సెలవు చిన్నపోలయ్యకు మంజూరైంది. ఉత్తర్వు మీద నోడల్ అధికారి సంతకం ఉండాలి. గిద్యోను తిమ్మిరెక్కిన చేత్తోనే పెట్టాడు.

వరండాలోకి వచ్చాక చిన్నపోలయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది బోటు కాగితమా సార్?”

“కాదు. పది రోజులు నువ్విక్కడికి రాకూడదు. విశ్రాంతి.”

“సముద్రానికి పోవచ్చునా?”

“పోవచ్చు. అక్కడ నువ్వు ప్రశాంతంగానే ఉన్నావంట.”

“కాగితం లేకుండా పోతే బోటు కట్టేస్తారే.”

“తప్పు నాదే పోలయ్యా” అన్నాడు గిద్యోను మెల్లగా. చిన్నపోలయ్య పట్టీ విప్పి అతని చేతిలో పెట్టాడు. మనిషిని ఎగాదిగా చూశాడు. ఉబ్బిన మొహం, వణుకుతున్న వేళ్లు.

“మీకేం బాగా లేదు సార్. మీరు గూడా ఒక అర్జీ పెట్టుకోండి. కష్టమేం గాదు, నాలుగైదు నెల్లు తిరిగితే ఇచ్చేస్తారు” అని ధైర్యం చెప్పి, వానలో తువ్వాలు తలకు చుట్టుకుని మైపాడు బస్సుకు వెళ్లిపోయాడు.

అర్జీ తప్ప వేరే దారి లేదన్నది నిజమే. అయితే ఎవరి అర్జీని వారే తీసుకోరాదు, నోడల్ అధికారి అయినా ప్రజలందరిలాగే బయటి కిటికీ దగ్గర నుంచి రావలెను (నిబంధన నలభై). గిద్యోను జిరాక్సు కొట్టుకు నడిచి మూడు ప్రతులు తీయించాడు. నోటరీ దగ్గరకు నడిచాడు. తిరిగొచ్చి టోకెను తీసుకుని వరండా బెంచీ మీద, ఇద్దరు పడవలవాళ్ల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మళ్లీ తిమ్మిరెక్కుతోంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, తలుపు వైపే చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు.

నాలుగూ పదికి తలుపు తెరుచుకుంది. వెంకయ్య టోకెను చూశాడు, అర్జీ చూశాడు, పదిహేనేళ్లుగా తాను రోజూ టీ తెచ్చి ఇస్తున్న ఆ మనిషి మొహం కూడా చూశాడు.

“ఇది నాలుగో టేబులుకి పోవాల సార్. ఆ సారు సీట్లో లేరు. గురువారం రండి.”